దవడ దగ్గర తెగిన ముక్కలు

పరీక్షల గది, పై అంతస్తు
ఎండలు ముదిరిన రోజులు

ముక్కు మీద కోపమున్న మరదలికి,

నీ ఉత్తరం అందింది. ముప్పాతిక భాగం దెప్పిపొడుపులే. "వదినగారు పెద్ద ఆఫీసరైపోయారు, మేమెక్కడ గుర్తుంటాం" అని రాశావు. ఆఫీసరునీ కాదు, పాడూ కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్లాస్టిక్ ముక్కలు తెంపడమే నా ఉద్యోగం. చిన్నప్పుడు మీ ఆయన నా రిబ్బన్లన్నీ తెంపి తన్నులు తినేవాడు. నాకు ఆ పనికే జీతమిస్తున్నారు. ఫోన్ చేద్దామంటే మీ లోయలో అది పలికి చావదు, కాబట్టి ఈ కాగితాలతోనే మన పోట్లాట.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఇళ్ళ వెనక రోడ్డు కోసం కోసి వదిలేసిన కొండ ఉందే, దానికి వల వస్తోంది. వానలు పడేలోగా కొండ మీద పరిచి మేకులు కొడతారు. కింద గడ్డి విత్తనాలు చల్లుతారు. గడ్డి వేళ్ళు పట్టుకునేదాకా మట్టిని వల ఆపుతుంది. ఆ తర్వాత వల తనంతట తనే మట్టిలో కలిసిపోతుంది. మొక్కజొన్న పిండిలోంచి తీసిన ప్లాస్టిక్ అది. ఒట్టిదే వాడితే బరువు పడగానే సాగి వేలాడుతుంది. అందుకని దాంట్లో పిండికన్నా మెత్తటి బంకమట్టి పొడి కలుపుతారు. బిగువు వస్తుంది, బలం వస్తుంది, సాగే గుణం మాత్రం కొంత పోతుంది.

దాని బలమెంతో చెప్పింది నేనే. మా యంత్రానికి రెండు ఇనుప దవడలుంటాయి. ఒకటి ముక్క పై కొసని పట్టుకుంటుంది, రెండోది కింది కొసని. నెమ్మదిగా లాగుతాయి. ముక్క మధ్యలో తెగితే ఆ బలం లెక్కలో రాస్తాం. దవడ దగ్గర తెగితే, ఇనుము కరిచినచోట నలిగి తెగిందని అర్థం. అది సరుకు తప్పు కాదు. దాన్ని డబ్బాలో పారేసి ఇంకోటి పెడతాం. నాకు నేర్పినవాళ్ళూ అలాగే చేసేవాళ్ళు. ఈ సరుకు దవడల దగ్గర కాస్త పేచీ పెట్టింది కానీ చివరికి మంచి లెక్కలే వచ్చాయి. మా పెద్దసారు అందరి ముందూ మెచ్చుకున్నాడు.

నేను ఎత్తుకుని పెంచినవాడి ఇంటి మీదికి నా చేతిమీదుగా వెళ్ళిన వల వస్తోందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆ మాట మా తమ్ముడికి, అదే మా నిదానానికి చెప్పు. ఏ పనైనా తాబేలులా చేస్తాడు, ఈ ఒక్కపనీ వానల్లోపు పూర్తి చెయ్యమను. మీ అమ్మాయి పిడుగు బడికి వెళ్తోందా, లేక నీతో పాటు పనిలోకి వచ్చి మట్టి తింటోందా?

నీ వదిన

*

కొండ కింద వరస ఇళ్ళు
వల పరుస్తున్న రోజులు

వదినగారికి,

మీ నోటికో దండం. ఒక్క ఉత్తరంలో మొగుణ్ణీ కూతుర్నీ నన్నూ ముగ్గుర్నీ కడిగేశారు. మీ తమ్ముడు నిదానమే, కాదనను. నన్ను పెళ్ళి చేసుకుంటానని చెప్పడానికి తీసుకున్న సమయంలో మనిషి ఇల్లు కట్టుకోవచ్చు. కానీ ఈ వల వచ్చిన దగ్గర్నుంచీ మీరు చూడాలి ఆయన్ని. లారీలోంచి మొదటి వల చుట్ట దించగానే చేత్తో తడిమి, పనివాళ్ళందరినీ పిలిచి, "ఇది మా అక్క పరీక్ష చేసి పంపింది" అన్నాడు. ఏదో మీరే రాత్రింబవళ్ళు కూర్చుని అల్లినట్టు. నాకు నవ్వొచ్చింది. తర్వాత కొంచెం గర్వంగా కూడా అనిపించింది, ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆడవాళ్ళం పైనుంచి చుట్టలు దొర్లిస్తాం, మగవాళ్ళు మేకులు కొడతారు. మనుషులు చాలకపోతే నేనూ సుత్తి పట్టుకుంటున్నాను. మీ తమ్ముడు మేస్త్రీ కాబట్టి భార్యకి సుఖమైన పని ఇచ్చాడని ఎవరూ అనకూడదట. మా ఇంటి వెనక గోడకీ కొండకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు, అంతే. ఇన్నాళ్ళూ వానొస్తే ఆ సందులోకి మట్టి జారేది, పొద్దున్నే పారతో ఎత్తిపోసుకునేవాళ్ళం. ఇక ఆ బాధ తప్పుతుందని వరసంతా సంబరపడుతున్నారు. పిడుగు మంచం ఆ గోడ పక్కనే. వల కిందికి రాగానే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దాన్ని ముట్టుకుని చూసింది.

ఒక్క మాట. ఇదివరకు వాడిన నార వల చెప్పినట్టు వినేది, రాయి ఉంటే రాయి మీద ఒదిగేది. ఇది ఒదగదు. ఎండలో గరగరలాడుతుంది. మేకు దిగేచోట ముడి అక్కడక్కడా చిట్లుతోంది. మీ తమ్ముడికి చూపిస్తే, "అక్క చూసిందంటే చూసినట్టే, నువ్వు మాట్లాడకు" అన్నాడు. సరే, మాట్లాడను. మీకు రాస్తున్నాను, అది మాట్లాడడం కాదు కదా.

మీ మరదలు

*

పరీక్షల గది
ఎండాకాలం చివర

మరదలా,

నువ్వు తలుపేస్తే గోడలదురుతాయి. మేకు కొట్టడం కూడా అలాగే ఉండి ఉంటుంది. చిట్లిందంటే వల తప్పా, నీ చేతి చలవా అని ముందు ఆలోచించాలి. సుత్తి కాస్త నెమ్మదిగా వెయ్యమని అందరికీ చెప్పు. కరిచినచోట నలిగితే ఏదైనా తెగుతుంది. మా దగ్గరా అంతే. అందుకే అలా తెగినవాటిని లెక్కలోంచి తీసేస్తామని నీకు ముందే రాశాను.

నార వలతో పోల్చకు. నార ఒక్క వానాకాలానికి చివికిపోయేది. ఇది లాగుడుకి దానికి రెట్టింపు ఆగుతుంది. మొదట్లో సరుకు కాస్త మెత్తగా ఉంటే, మట్టిపాళ్ళు పెంచమని చెప్పింది నేనే. అలా పెంచాక పోగు సన్నంగా తీసినా బలం తగ్గలేదు. వల కంపెనీ వాళ్ళు సంతోషించారు. మొన్న ఈ గది మొత్తాన్నీ నా చేతికిచ్చారు. ఇన్నేళ్ళకి నా మాటకి ఒక విలువ వచ్చింది. ఇంతలో నువ్వు గరగరా అంటూ మొదలుపెట్టావు.

కోపంగా రాశానని నాకే తెలుస్తోంది. పని ఎక్కువైంది, నిద్ర చాలడం లేదు. ఈ వల మీ కొండ మీదికే కాదు, ఇంకా కొన్ని కొండల మీదికి వెళ్ళింది. అన్నిచోట్లా బాగానే ఉందంటున్నారు. గడ్డి మొలిచిందా? ముందు ఆ సంగతి రాయి. గడ్డి వేరు పట్టుకుంటే నీ గరగర గురించి ఎవరికీ దిగులుండదు.

పిడుగుని ముద్దాడానని చెప్పు.

వదిన

*

కొండ కింద వరస ఇళ్ళు
మొదటి జల్లులు పడ్డాక

వదినా,

గడ్డి మొలవలేదు. ఎండకి విత్తనం మాడిపోయింది. మళ్ళీ చల్లారు, ఆ చల్లింది పిట్టలు తిన్నాయి. ఇక్కడొకటీ అక్కడొకటీ పచ్చగా కనిపిస్తుంది, అంతే.

నా సుత్తి మీదికి తోశారు కాబట్టి మీకు నచ్చినా నచ్చకపోయినా అన్నీ రాస్తాను. ఇప్పుడు నేను మేకులు కొట్టడం లేదు. ఎవరూ కొట్టడం లేదు, పని అయిపోయింది. అయినా రోజూ కొత్తగా తెగుతోంది. ఎవరూ ముట్టుకోకుండానే తెగుతోంది. చిన్న చినుకులకే మట్టి నాని బరువెక్కి వల మీద పొట్టలు కట్టింది. ఎక్కడ తెగినా మేకు దగ్గరే. నడిమధ్య తెగింది ఒక్కటి కూడా నాకు కనిపించలేదు.

మీ తమ్ముడు మీకు ఈ సంగతి రాయద్దన్నాడు. అక్కకి మాట వస్తుందట. పొద్దున్నే అందరూ లేవకముందే వెళ్ళి తెగినచోటల్లా తీగతో కట్టి వస్తున్నాడు. ఇంజనీరుకి చెబితే, "రిపోర్టు సరిగ్గా ఉంది, నువ్వు మేకులు సరిగ్గా కొట్టించలేదని రాయమంటావా?" అన్నాడట. అప్పట్నుంచీ ఇంజనీరు దగ్గరికే వెళ్ళడం లేదు. మీకు తెలుసుగా, ఆయనకి కోపమొచ్చినా బయటికి రాదు, అన్నం సగంలో లేచిపోతాడు.

ఇందులో కొన్ని ముక్కలు పెడుతున్నాను. అన్నీ మేకుల దగ్గర నేనే ఏరినవి. చూడండి.

నాకు బలాలూ బిగువులూ తెలియవు. నేనడిగేది ఒక్కటే. మేం ఈ ఇంట్లో ఉండాలా, వెళ్ళిపోవాలా? వాగు అవతల రోడ్డు కంపెనీ వాళ్ళ గోడౌను ఖాళీగా ఉంది. ఇష్టంగా ఎవరూ అక్కడికి రారు, తేమ, ఎలకలు. కానీ దాని వెనక కొండ లేదు. నేను వెళ్దామంటే మీ తమ్ముడు వినడు. వరసలో వాళ్ళు ఆయన్ని చూసి ఉంటారు, ఆయన మిమ్మల్ని చూసి ఉంటాడు. మీరు ఒక్క మాట రాయండి. ఉండమంటే ఉంటాం, పొమ్మంటే పోతాం.

మీ మరదలు

*

పరీక్షల గది
వానల మొదలు

మరదలికి,

ముక్కలు అందాయి. చూశాను.

నిదానానికి ఈ కింది సంగతి విడమరిచి చెప్పు. మేకు వలని కరిచే చోట ఒత్తిడంతా ఒక్క గీత మీద పడుతోంది. సరుకులో మట్టి ఎక్కువ కాబట్టి అక్కడ సాగి సర్దుకోదు, చిట్లుతుంది. దీనికి ఉపాయం ఉంది. ఇక్కడ దవడల లోపల రబ్బరు ముక్కలు పెట్టి మళ్ళీ లాగి చూశాను. దవడ దగ్గర తెగడం ఆగిపోయింది. ముక్కలన్నీ మధ్యలోనే తెగాయి, మంచి బలం చూపించాయి. మీరూ అదే చెయ్యండి. పాత లారీ టైర్లు అరచేతంత ముక్కలు కోసి, ఒక్కో మేకు కింద ఒకటి పెట్టి మళ్ళీ దిగ్గొట్టాలి. పై వరస నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. పైన బరువు ఎక్కువ.

ఇళ్ళ సంగతి అడిగావు. ప్రస్తుతానికి ఇల్లు కదలక్కర్లేదు. జాగ్రత్తగా ఉండండి. పిడుగు మంచం మాత్రం ముందు గదిలోకి మార్చు.

ఇంజనీరుతో ఇప్పుడేమీ అనద్దు. నేను ఇక్కడ పెద్దసారుతో మాట్లాడుతున్నాను. ఆయన కొంచెం ఆగమన్నాడు.

వదిన

*

కొండ కింద, వాగు అవతల గోడౌను
ముసురు

వదినా,

మీ ఉత్తరం చదివి మీ తమ్ముడు ఎన్నాళ్ళకో నవ్వాడు. "చూశావా, అక్క దగ్గర దేనికైనా మందుంటుంది" అన్నాడు. లారీల షెడ్డుకి వెళ్ళి, పాత టైర్లు దొర్లించుకొచ్చి, కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాడు. చేతులు బొబ్బలెక్కాయి. పనివాళ్ళు కొంతమంది సాయం వస్తున్నారు, వాన పెరిగితే ఆగిపోతున్నారు. ఆయన ఆగడం లేదు. జన్మలో మొదటిసారి తొందరపడుతున్నాడు.

ఈ ఉత్తరం గోడౌను నుంచి రాస్తున్నాను, పైన చూసే ఉంటారు. మంచం ముందు గదిలోకి మార్చమన్నారు. మార్చాను. ఆ రాత్రి ముందు గదిలో పడుకుని ఆలోచించాను. కదలక్కర్లేకపోతే మంచం ఎందుకు మార్చమన్నారు? మీ ఉత్తరం ఇంకోసారి చదివాను. మీరెప్పుడూ ఇలా రాయరు. ఒక్క తిట్టు లేదు. ఒక్క ఎకసెక్కం లేదు. పిడుగుకి ముద్దు కూడా లేదు. ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలా ఉంది. నాకు భయమేసింది.

తెల్లారి మంచాలతో సహా సామాను కట్టి పిల్లని తీసుకుని వాగు దాటేశాను. మీ తమ్ముడు వెనకే వచ్చి, "అక్క కదలక్కర్లేదంది కదా, ఊరందరినీ ఎందుకు బెదరగొడతావు?" అన్నాడు. "మీ అక్క ఆ గోడ పక్కన పడుకోవడం లేదు" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రీ పెళ్ళామే పోయిందని వరసలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే పిల్లల్నీ ముసలాళ్ళనీ తీసుకుని వచ్చేశారు. ముందు నన్ను చూసి నవ్వినవాళ్ళే. ఇప్పుడు ఎలకల గురించి నన్నే తిడుతున్నారు.

మగవాళ్ళు కూడా నిన్న వచ్చేశారు. ఇక మీ తమ్ముడొక్కడే అక్కడా ఇక్కడా. పగలు కొండ మీద, భోజనానికి ఇక్కడికి. నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. మీరైనా ఆయనకి చెప్పండి వదినా. నా మాట వినడు.

మీ మరదలు

*

నా గది
వాన వస్తూనే ఉంది

మరదలా,

ఇది చదవగానే చదవడం ఆపి వాణ్ణి కొండ మీంచి దించు. రబ్బరు ముక్కలు వద్దు, ఏమీ వద్దు. "అక్క దిగి రమ్మంది" అని చెప్పు. ఈ కాగితం చూపించు.

తమ్ముడూ, దిగిరా. ఆ కొండ ఎక్కకు. నా మీద ఒట్టు.

మరదలా, నీకు నిజం రాయాలి. నువ్వు పంపిన ముక్కలు చూసిన రోజునే నేను డబ్బా బోర్లించాను. దవడ దగ్గర తెగాయని నేను పారేసినవన్నీ అందులోనే ఉన్నాయి. మట్టిపాళ్ళు పెంచాక పారేసినవే ఎక్కువ, లెక్కలో రాసినవి తక్కువ. కొండ మీద మేకులన్నీ దవడలే. మీ ఇంటి వెనక వల ఎలా తెగుతుందో చూపించే ముక్కల్నే నేను ఏరి పారేశాను.

ఇంకొకటుంది. రబ్బరు పెట్టి లాగానన్నాను, నిజమే. కానీ అవి పొడి ముక్కలు. ఆ రోజే కొన్ని ముక్కలు నీళ్ళలో నానబెట్టి కూడా లాగాను. వలలో కలిపిన బంకమట్టి నీళ్ళని లోపలికి పీలుస్తుంది. నానినవి రబ్బరు పెట్టినా ఆగలేదు. బిస్కెట్టులా విరిగాయి. ఇది నీకు ఉత్తరం రాయకముందే నాకు తెలుసు. తెలిసి రాయలేదు. వెళ్ళిపొమ్మని రాస్తే నా రిపోర్టు తప్పని రాసినట్టే. పెద్దసారు ఆగమన్నాడు, నేను ఆగాను. గడ్డి మొలుస్తుందేమో, వాన తగ్గుతుందేమో అనుకుంటూ కూర్చున్నాను.

తపాలాని నమ్మి కూర్చోలేను. మీ వైపు వచ్చే వ్యాను డ్రైవరు చేతికి ఇది ఇస్తున్నాను. నువ్వు పిల్లని తీసుకుని వాగు దాటావు. నీ కాళ్ళకి మొక్కాలి. వాణ్ణి కూడా దాటించు.

వదిన

*

గోడౌను

పరీక్షల గదిలో పనిచేసే ఆవిడకి,

మీ ఉత్తరం అందింది. దారి పూడిపోవడంతో వ్యాను అవతలే ఆగిపోయిందట. దారి తీశాక తెచ్చి ఇచ్చారు. అప్పటికి మీ తమ్ముణ్ణి గోడౌనులో చాప మీద పడుకోబెట్టి ఉంచాం.

ఏం జరిగిందో రాస్తాను. మీరు తెలుసుకోవాలి.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. తడిసి ముద్దయి ఉన్నాడు. తిన్నాక పిడుగుతో కాసేపు ఆడాడు. టైరు ముక్కలు ఇంకా ఒక సంచీ మిగిలాయి. "పై వరసలో కాసిని మేకులున్నాయి, అవి అయిపోతే అక్క చెప్పింది చెప్పినట్టు అయిపోతుంది" అన్నాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. ఏడ్చాను. వద్దన్నాను. "నీకు నా మీద నమ్మకం లేకపోతే పోయె, అక్క మీద కూడా లేదా?" అన్నాడు. నన్ను పక్కకి జరిపి వెళ్ళిపోయాడు. అలా నన్ను తోసుకుని వెళ్ళడం అదే మొదలు.

కాసేపటికి టప్పు టప్పుమని చప్పుడు మొదలైంది. వాగు ఇవతల మాకు కూడా వినిపించింది. వరసగా పై నుంచి కింది దాకా వల మేకుల దగ్గర తెగుతోంది. అందరం బయటికి పరుగెత్తాం. కొండ మొత్తం ఒక్కసారిగా రాలేదు. ముందు మెల్లగా కదిలింది, ఆయన పైన నిలబడి మాకేసి చూడడం నాకు కనిపించింది. తర్వాత వచ్చింది. వరస ఇళ్ళలో ఒక్క గోడ కూడా మిగల్లేదు. గోడౌనులో ఉన్నవాళ్ళం అందరం బతికాం. అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు, నీ వల్ల బతికాం అన్నారు. వాళ్ళని కొట్టాలనిపించింది.

మర్నాడు దొరికాడు. సంచీ భుజానికే ఉంది.

నేను ఏడ్చి చెప్పినా వినని మనిషి, మీరు ఒక్క మాట రాస్తే వచ్చేసేవాడు. పుట్టిన దగ్గర్నుంచీ మీ మాట జవదాటలేదు. నేను అడిగింది కూడా ఆ ఒక్క మాటే. ఉండాలా, పోవాలా అని. ఆ మాట మీ దగ్గర ఉంది. ఉండి కూడా మీరు ఇవ్వలేదు. బదులుగా పై వరస నుంచి మొదలుపెట్టమని రాశారు.

*

నా గది

అమ్మాయ్,

ఏమని పిలవాలో తెలియక ఇలా రాశాను.

నువ్వు రాసిన ప్రతి అక్షరం నిజం. కారణాలు చెప్పను. నాకున్న కారణాలేవీ వాడి గోటికి సరిపోవు. వాణ్ణి నేనే పెంచాను, నేనే పంపాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు పిచ్చెక్కుతోంది.

చేసిన పని రాస్తాను. డబ్బాలో ముక్కలూ నానబెట్టి లాగిన ముక్కలూ పెద్దసారు బల్ల మీద పోశాను. నా రిపోర్టు తప్పని రాసి సంతకం పెట్టాను. "తమ్ముడు పోయిన దుఃఖంలో ఉన్నావు, నెల రోజులు సెలవు తీసుకో" అన్నాడు. ఆ కాగితాలు రోడ్డు ఆఫీసుకి నేనే తీసుకెళ్ళాను. మొదటి రోజు లోపలికి రానివ్వలేదు. రెండోరోజు గుమ్మంలో కూర్చున్నాను. చివరికి ఒకాయన చదివాడు. ఈ వల వేసిన మిగతా కొండల కింద ఇళ్ళు ఖాళీ చేయిస్తున్నారు. నన్ను గదిలోంచి తీసేశారు. మంచిదే. ఆ యంత్రం దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళలేను.

ఇది చెప్పి నీ దగ్గర మార్కులు కొట్టెయ్యాలని కాదు. వాడు బతికి ఉండగా ఇదంతా చెయ్యగలిగేదాన్ని. ఇవే కాగితాలు, ఇదే గుమ్మం.

నేను రావచ్చా? వద్దంటే రాను. రమ్మంటే రేపే బయల్దేరతాను. నువ్వు నన్ను కొట్టినా సరే.

*

గోడౌను

వదినా,

చాలా రోజులు జవాబు రాయకూడదనే అనుకున్నాను. రాసి రెండుసార్లు చింపేశాను.

మిమ్మల్ని క్షమించలేదు. ఎప్పటికైనా క్షమిస్తానో లేదో తెలియదు. మీ మీద కోపం ఎంత ఉందంటే, పొద్దున్న లేవగానే ముందు మీరే గుర్తొస్తారు, ఆ తర్వాత ఆయన. అదింకా కోపం తెప్పిస్తోంది.

కానీ ఇక్కడ ఆయన గురించి మాట్లాడేవాళ్ళు లేరు. వరసవాళ్ళు మేస్త్రీ అంటారు, దేవుడంటారు. ఆయన దేవుడేమిటి, చెప్పులు ఎక్కడ విడిచాడో ఆయనకే తెలిసేది కాదు. ఆ మనిషి తెలిసినవాళ్ళం మనిద్దరమే మిగిలాం.

మాకు కొత్త ఇళ్ళు ఇస్తారంటున్నారు, ఎప్పుడో తెలియదు. అందాకా ఇక్కడే. గోడౌనులో ఒక మూల గోనెపట్టాలు కట్టి గది చేసుకున్నాను.

పిడుగు రోజూ అడుగుతోంది. అందరూ ఇవతల ఉంటే నాన్న ఒక్కడే కొండ ఎందుకు ఎక్కాడని. వాన వల్ల అని ఒకసారి చెప్పాను. "వానొస్తే ఎవరైనా దిగుతారు కదా?" అంది. దానికి జవాబు నేను చెప్పను.

రండి. వచ్చి దానికి మీరు చెప్పండి. వయసుకి తగ్గట్టు అనో, పెద్దయ్యాక అనో తప్పించుకోకండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని, అత్త నిజం తెలిసీ రాయలేదు, నాన్న అత్త మాట నమ్మి వెళ్ళాడు అని చెప్పండి. అది ఏడిస్తే మీరే ఊరుకోబెట్టండి. మిమ్మల్ని దగ్గరికి రానివ్వకపోతే అది కూడా మీరే భరించండి.

చెప్పాక ఉంటారో వెళ్ళిపోతారో మీ ఇష్టం. ఆయన మంచం మీకు వేసి ఉంచుతాను.